మూత తీయని డబ్బా

ఆ గురువారం ఉదయం వర్షిత వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి షాపు తీయాలి. పదకొండింటికల్లా పెళ్లికూతురి జాకెట్ చేతులకు ముత్యాలు కుట్టడం మొదలుపెట్టాలి. నాలుగింటికి పెళ్లికూతురి నాయనమ్మ వస్తే జాకెట్ చేతిలో పెట్టి, చల్లటి మంచినీళ్లిచ్చి సాగనంపాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ ఒక్కరోజు ఎవరికీ ఏ పిండివంటా చేయకూడదు.

ఈ చివరి నియమం ఎందుకో తెలియాలంటే మూడు నెలలు వెనక్కి పోవాలి.

వర్షితది తూప్రాన్. అక్కడ ఆమె టైలరింగ్ షాపులో పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లే కాదు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా లోపలికొచ్చి కూర్చుని, బస్సు పోయినా లేచేవాళ్లు కాదు. భర్త సందీప్‌కు మెదక్ కలెక్టరాఫీసుకు బదిలీ అయింది. రెండు మెషీన్లనూ ట్రాలీ ఆటోలో వేసుకొచ్చి, రాందాస్ చౌరస్తా వెనక సందులో, కిరాయి ఇంటి ముందుగదిలోనే షాపు పెట్టింది వర్షిత. గిరాకీ బాగానే ఉంది. మనుషులే లేరు. వచ్చినవాళ్లంతా "ఆది జాకిట్ గిదే. చెయ్యి జెర లూజు పెట్టు. శుక్రారం వస్త" అని మూడు ముక్కలు చెప్పి పోయేవాళ్లే. ఎవరైనా వచ్చి కూర్చుంటారని కొన్న నీలం కుర్చీ మీద ఇన్నాళ్లూ ఆది జాకెట్లే కూర్చున్నాయి. ఒకసారి జ్వరమొచ్చి రెండు రోజులు షట్టర్ దించితే పదకొండు ఫోన్లు వచ్చాయి. పదకొండూ "నా బ్లౌజ్ అయ్యిందా?" అనే. ఆ రోజు వర్షిత దుప్పటి కప్పుకుని ఏడ్చింది. జ్వరానికి కాదు.

సందులో ఆడవాళ్లు నడిపే దుకాణాలు ఇంకో మూడున్నాయి. మూల మీద షాజహాన్ బీ గాజుల దుకాణం. అరవై ఏళ్ల మనిషి, దూరం నుంచి చెయ్యి చూసి గాజు సైజు చెప్పేస్తుంది. ఆమెకు ఎదురుగా దీనమ్మ జిరాక్స్ సెంటరు. చర్చిలో పాటలు పాడే గొంతుతోనే "ఆధార్ ముందట, ఎనక రెండు పక్కలా?" అని అడుగుతుంది. సందు చివర సత్తెమ్మ జొన్నరొట్టెల సెంటరు. సత్తెమ్మ నోటితో మాట్లాడేది తక్కువ. అడిగినదానికి ఇష్టమైతే రొట్టె మెల్లగా కొడుతుంది, కాకపోతే గట్టిగా కొడుతుంది. ఈ ముగ్గురిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు వచ్చి తన నీలం కుర్చీలో కూర్చుంటే చాలని వర్షిత కోరిక. అందుకే ఒక ఆదివారం సర్వపిండి చేసి, మూడు స్టీలు డబ్బాల్లో సర్ది, ముగ్గురికీ పంపింది.

అక్కడే కొంప మునిగింది. ఎవరింటి డబ్బా అయినా ఖాళీగా వాపసు ఇవ్వకూడదు కదా! షాజహాన్ బీ సొరకాయ ఖీర్ పోసి పంపింది. అది ఒక డబ్బాలో పట్టక తన డబ్బా ఒకటి తోడుగా ఇచ్చింది. దీనమ్మ కేకు పంపింది. సత్తెమ్మ నువ్వుల ముద్దలు పంపింది. ఇప్పుడు షాజహాన్ బీ డబ్బాను వర్షిత ఖాళీగా ఎట్లా ఇస్తుంది? గారెలు వేసింది. గారెలు పోయిన డబ్బాలో సేమియా వచ్చింది. ఈలోగా ఒకరి డబ్బా ఇంకొకరింట్లో చేరి, ఆ ముగ్గురు కూడా ఒకరికొకరు పంపుకోవడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి ఆ చిన్న సందులో పద్నాలుగు డబ్బాలు తిరుగుతున్నాయి.

స్నేహం మాత్రం గడప దాటలేదు. "తీస్కోండ్రి." "అయ్యో, గిదంత ఎందుకు?" "ఏం లేదు, జెరంత." అంతే. "దుకాణంల ఎవ్వరు లేరు, పోత మరి" అంటూ వచ్చినవాళ్లు వచ్చినట్టే పరుగు. వర్షిత మాత్రం ఏం తక్కువ, ఆమె కూడా అట్లాగే పరుగెత్తేది. తర్వాత డబ్బాలు మోసే పని సందీప్‌కు వచ్చింది. పొద్దున ఆఫీసుకు బయలుదేరేటప్పుడు టేబుల్ మీద డబ్బా కనబడితే, ఏమిటని అడగకుండా బండికి తగిలించుకుని పోవడం అతనికి అలవాటైపోయింది.

ఇంకో చిక్కు ఏమిటంటే, వర్షితవి మూడు తప్ప ఆ డబ్బాలన్నీ అక్కచెల్లెళ్లలా ఒక్క తీరుగా ఉంటాయి. పోయిన ఏడు ఇంద్రకరణ్ రెడ్డి కొత్తింటి గృహప్రవేశానికి వచ్చిన వాళ్లందరికీ స్టీలు డబ్బాలు పంచిపెట్టాడు. అల్లాదుర్గ్‌లో భూములు, మెదక్‌లో ఇల్లు, మాట్లాడితే పదిమంది వెంట ఉండే మనిషి. సగం ఊరు భోజనానికి వెళ్లింది, సగం ఊరి వంటిళ్లలోనూ మూత మీద ఆయన పేరు చెక్కిన డబ్బా ఉంది.

ఇప్పుడు పెళ్లి ఆ ఇంద్రకరణ్ రెడ్డి కూతురు కృతికదే. జాకెట్ కుట్టే పని వర్షితకు వచ్చింది. బుధవారం ఆయన తల్లి పద్మమ్మ స్వయంగా కారు దిగి వచ్చి, ఒక స్టీలు డబ్బా వర్షిత ఒళ్లో పెట్టింది. లోపల ఎర్రగుడ్డలో ఇరవై రెండు ముత్యాలు.

"మా అమ్మ హారంలయి బిడ్డా. మా ఇంట్ల ఏ ఆడివిల్ల పెండ్లైనా జాకిట్ చేతులకు గివే కుడ్తరు. పెండ్లైనంక విప్పి మల్ల దాస్తం."

"మంచి పర్సుల పెట్టకపోయినరా పెద్దమ్మా?"

"పర్సు మీద అందరి కండ్లు పడ్తయి. స్టీలు డబ్బ ఎవ్వడు ముట్టడు" అంది పద్మమ్మ, ఎంతో లోకం చూసిన మనిషిలా.

ఇక గురువారానికి వద్దాం. పిండివంట చేయకూడదన్న నియమం బాగానే ఉంది కాని, షాజహాన్ బీ డబ్బా ఒకటి రెండు రోజులుగా వంటింట్లో కూర్చుని వర్షితను చూస్తోంది. ఖాళీగా పంపలేదు, వండే టైము లేదు. చివరికి వర్షిత ఒక దొంగపని చేసింది. ముందురోజు సత్తెమ్మ పంపిన నువ్వుల ముద్దలనే ఆ డబ్బాలో సర్ది టేబుల్ మీద పెట్టింది. బీరువాలోంచి ముత్యాల డబ్బా తీసి దాని పక్కనే పెట్టింది. నల్లా వచ్చిన చప్పుడు విని బిందెలు తీసుకుని పెరట్లోకి పరుగెత్తుతూ అరిచింది.

"ఇగో, టేబుల్ మీద షాజహాన్ ఆపా డబ్బ ఉంది, పోతపోత ఇచ్చి పోండ్రి!"

సందీప్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే చేతికందిన డబ్బా తీసుకుని పోయాడు.

పదకొండింటికి వర్షిత చేతులు కడుక్కుని, సూదిలో దారం ఎక్కించి, దేవుణ్ణి తలుచుకుని డబ్బా మూత తీసింది. లోపలి నుంచి నువ్వుల ముద్దలు ఆమెను చూశాయి. వెంటనే సందీప్‌కు ఫోన్ చేసింది.

"ఏ డబ్బ ఇచ్చిండ్రు పొద్దున?"

"స్టీలు డబ్బ" అన్నాడు సందీప్.

"ఏ స్టీలు డబ్బ?"

"మూత ఉన్నది."

ఆ మనిషితో ఇంకేం మాట్లాడుతుంది? ఫోన్ పెట్టేసి చెప్పులు కూడా లేకుండా గాజుల దుకాణానికి పరుగెత్తింది. దారిలో ఆమెకు ఇంకో భయం పట్టుకుంది. ముత్యాలు పోయాయని సందులో పొక్కితే సాయంత్రానికి పద్మమ్మ చెవిన పడుతుంది. ఆ తర్వాత మెదక్‌లో ఆమెకు ఎవరూ రుమాలు కూడా కుట్టమని ఇవ్వరు. పోనీ, పెట్టిన తిండి వాపసు ఇవ్వమని ఏ మొహంతో అడుగుతుంది? అందుకని ఒక అబద్ధం ఆలోచించుకుంది.

"ఆపా, పొద్దున పంపినదాంట్ల ఉప్పు పడలే. డబ్బ జెర వాపస్ ఇయ్యుండ్రి, వేరేది చేసి పంపుత."

షాజహాన్ బీ మొహం పాలిపోయింది. మరుక్షణం నవ్వేసింది. "అరె బేటీ, మస్తుగుండె! అంత తిన్నం. ఒక్క గింజ మిగల్లే!"

"తిన్నరా?" అంది వర్షిత.

"అల్లా కసమ్... అంటే, నేను జెరంతనే. ఎక్కువ మా ముజఫరే తిన్నడు." ముజఫర్ ఆమె కొడుకు, నలభై ఏళ్ల లారీ మెకానిక్.

"గట్టిగ... గట్టిగ లేవా ఆపా?"

"జెర గట్టిగనే ఉండె. గని మావోనికి గట్టియే ఇష్టం. కటకట నమిలిండు."

వర్షిత గాజుల పెట్టె పట్టుకుని నిలబడింది. "ఆపా, ముజఫర్ భాయ్‌ని జల్ది దవాఖానకు తీస్కపోవాలె. ఎక్స్‌రే తియ్యాలె!"

ఎక్స్‌రే అనగానే షాజహాన్ బీ చేతిలోని డజను గాజులు కిందపడ్డాయి. ఆమె భయం ముజఫర్ గురించి కాదు. ముజఫర్ పొద్దుటి నుంచి ఇంటికే రాలేదు. అసలు ఆ డబ్బా మూత కూడా ఆమె తీయలేదు. దీనమ్మకు ఇవ్వాల్సిన డబ్బా ఒకటి బాకీ ఉంటే, వచ్చింది వచ్చినట్టే అటు పంపేసింది. ఇప్పుడు వర్షిత తిండిలో బల్లో, పురుగుల మందో పడిందని, దాన్ని దీనమ్మ తినేసిందని ఆమె అనుకుంది. ఒక్క మాట చెప్పకుండా దుకాణం దిగి రోడ్డు దాటింది. వెనకే వర్షిత.

"దీనమ్మా! పొద్దున నేను పంపింది తిన్నవా?"

దీనమ్మ జిరాక్స్ మెషీన్ దగ్గర నుంచి చిరునవ్వుతో తిరిగింది. "తినకుంట ఉంటనా ఆపా? ఎంత రుచిగున్నదో! మా ఏలీయా రెండుసార్లు వేస్కున్నడు." ఏలీయా ఆమె భర్త.

"యా అల్లా! ఏలీయా భాయ్ కూడనా?" షాజహాన్ బీ బెంచీ మీద కూలబడింది. "పిలువుండ్రి! ఆటో పిలువుండ్రి!"

"ఒక్క నిమిషం" అంది వర్షిత. ఆమె బుర్ర అప్పుడు పనిచేయడం మొదలుపెట్టింది. "ఆపా, ముజఫర్ భాయ్ తిన్నది, ఏలీయా అన్న తిన్నది ఒక్కటే డబ్బ ఎట్లైతది?"

షాజహాన్ బీ కొంగు సర్దుకోవడంలో మునిగిపోయింది. దీనమ్మ జిరాక్స్ మెషీన్‌లో కాగితమే లేకుండా బటన్ నొక్కింది. అది గుర్రుమంది.

"అంటే మరి... నేను రొట్టెలకు పోయినప్పుడు సత్తెమ్మకిచ్చిన" అంది దీనమ్మ చిన్నగా. "తిన్న అని అబద్ధం చెప్పిన. ప్రభువు క్షమించాలె."

ముగ్గురూ సందు చివరకు పరుగెత్తారు. సత్తెమ్మ పెనం మీద రొట్టె తిప్పుతూ వాళ్లను చూసింది. "మంచిగుండె" అని ఆమె కూడా అంటే వర్షిత అక్కడే పడిపోయేది. సత్తెమ్మ అట్లాంటి మనిషి కాదు.

"తినలే. మూత తియ్యలే" అంది. "మీరు పెట్టింది తిని తిని షుగరు మూడొందలైంది. పద్మమ్మ గారింటికి పెండ్లి రొట్టెలు పోతుంటే, ఆటోల గంప మీద పెట్టి పంపిన. పెండ్లిల్లు కదా, ఎవరో ఒకరు తింటరు."

"అది తిండి కాదక్కా" అంది వర్షిత. ఏడుపు వచ్చేసింది. "పద్మమ్మ గారి ముత్యాలు. కృతిక జాకిట్‌కు కుట్టేటియి. ఆమెవి ఆమెకే గంప మీద పంపినం. ఇగ నా పని ఖతం. ఈ ఊర్ల నేను ఉండ."

పెనం మీద రొట్టె మాడిపోయింది. ఆ సెంటరు పెట్టిన తొమ్మిదేళ్లలో మాడిన మొదటి రొట్టె అదే.

"అయితే పెండ్లింటోళ్లు బతికిండ్రు" అంది షాజహాన్ బీ ముందుగా. తర్వాత సిగ్గుపడి వర్షిత చెయ్యి పట్టుకుంది. "మాఫ్ చెయ్ బేటీ. నీ దిల్ నొచ్చుకుంటదని తిన్న అన్న. పది రోజుల సంది నేను ఒక్క మూత తీస్తలేను."

"నేను పదిహేను రోజుల సంది" అంది దీనమ్మ.

"మరి ఎందుకు పంపుతున్నరు అందరు?"

"నువ్వు పంపుతున్నవ్ కదా!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

అప్పుడే వర్షిత ఫోన్ మోగింది. పద్మమ్మ. "బిడ్డా, గిటుదిక్కే వస్తున్న, దార్ల ఉన్న" అని పెట్టేసింది. నాలుగింటికి రావలసిన మనిషి పన్నెండింటికే వస్తోందంటే డబ్బా తెరిచి చూసిందన్నమాట. వర్షిత ఉరికంబం వైపు పోతున్నట్టు తన షాపు వైపు నడిచింది. పది అడుగులు వేశాక వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. దీనమ్మ షట్టర్ దించి తాళం వేసింది. సత్తెమ్మ పొయ్యి బంద్ చేసింది. షాజహాన్ బీ అయితే దుకాణం బార్లా వదిలేసి వచ్చింది.

"దుకాణంల ఎవ్వరు లేరు కదా ఆపా" అంది వర్షిత ముక్కు తుడుచుకుంటూ.

"ఉండనియ్. నిన్ను ఒక్కదాన్ని పోనిస్తమా?"

షాపులోకి రాగానే షాజహాన్ బీ నీలం కుర్చీ మీది ఆది జాకెట్లన్నీ ఎత్తి పక్కన పడేసి, ఉస్సురని కూర్చుంది. అంత భయంలోనూ వర్షిత అది చూసింది. చూసి ఇంకాస్త ఏడ్చింది.

కారు ఆగింది. పద్మమ్మ దిగింది. చేతిలో డబ్బా.

"బజారుకు పోతున్న, మధ్యల నిన్ను చూసి పోదామని దిగిన" అంది పద్మమ్మ నవ్వుతూ. "ఆడివిల్ల జాకిట్ కుట్టేటోళ్లకు నోరు తీపి చెయ్యాలె. ఇగో, మా ఇంట్ల చేసినయి. మా కోడలి చేతియి."

వర్షిత డబ్బా అందుకుంది. తేలిగ్గా ఉంది. లోపల ఏదో మెల్లగా దొర్లింది. ఒక వేలు పట్టేంత మూత ఎత్తి చూసింది, పక్కనున్న ముగ్గురూ మెడలు సాచి చూశారు. ఎర్రగుడ్డ. మూట ముడి కూడా విప్పలేదు. పెళ్లింట్లో కూడా ఆ డబ్బా మూత ఎవరూ తీయలేదన్నమాట! మూత మీద కొడుకు పేరు చూసి, తమ ఇంటి డబ్బాయే అనుకుని, వచ్చేటప్పుడు చేతికి తగిలింది తెచ్చింది పద్మమ్మ. వర్షితకు నవ్వాలో, ఆమె కాళ్లమీద పడాలో తెలియలేదు.

"నా ముందట ఒకటి తిను బిడ్డా" అంది పద్మమ్మ.

వర్షిత మొహం మళ్లీ తెల్లబోయింది. ఈసారి షాజహాన్ బీ లేచింది. "అమ్మా, మీ చెయ్యి చూపియ్యుండ్రి. రెండుంపావు సైజు! పెండ్లికి ఏ రంగు ఏస్కుంటున్నరు? గోట్ల గాజులు కొత్తయి వచ్చినయ్" అంటూ పద్మమ్మను గుమ్మం వైపు తిప్పింది. అదే అదనుగా సత్తెమ్మ ముత్యాల డబ్బాను మెషీన్ కిందికి నెట్టి, పొద్దుటి నుంచి టేబుల్ మీదున్న డబ్బా వర్షిత చేతిలో పెట్టింది. దీనమ్మ దగ్గింది. పద్మమ్మ ఇటు తిరిగేసరికి మూత తీసిన డబ్బాలో నువ్వుల ముద్దలు, ఒక్కో ముద్ద నెత్తి మీద ఒక్కో పల్లీ పలుకు.

పల్లీ పలుకు చూసి సత్తెమ్మ కళ్లు చిన్నవయ్యాయి. ఈ మెదక్‌లో ముద్ద మీద పలుకు పెట్టేది ఆమె ఒక్కతే. నిన్న తాను పంపిన పది ముద్దలూ ఒక్కటి తగ్గకుండా అక్కడే ఉన్నాయి. వర్షిత తల దించుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. పద్మమ్మ కూడా ఒకటి తిని, కళ్లు మూసుకుని తల ఊపింది.

"చూసిండ్రా? మా కోడలి చేతిల గా రుచే వేరు. గిట్ల ఇంకెవ్వరికి రాదు."

సత్తెమ్మ దవడ రెండుసార్లు కదిలింది. "అవునమ్మా" అంది. ఆ ఒక్క మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో అక్కడున్న ముగ్గురికీ తెలుసు. పద్మమ్మ నాలుగింటికి వస్తానని చెప్పి కారెక్కింది.

కారు మూల తిరిగేదాకా నలుగురూ కదల్లేదు. తిరిగాక ముందు సత్తెమ్మే నవ్వింది, పొట్ట పట్టుకుని. దీనమ్మ నేల మీదే కూర్చుండిపోయి నవ్వింది. ఆ తర్వాత పని మొదలైంది. గాజులు తొడిగే వేళ్లు కదా, షాజహాన్ బీ ముత్యం పట్టుకుంటే జారలేదు. దీనమ్మ జిరాక్స్ కాపీలు లెక్కపెట్టినట్టు ఇరవై రెండూ మూడుసార్లు లెక్కపెట్టింది. సత్తెమ్మ దారాలు తుంచి ఇస్తూ, టీ పెట్టి, అందరినీ తిట్టింది. వర్షిత కుట్టింది. నీలం కుర్చీ చాలక దీనమ్మ సెంటరు నుంచి రెండు స్టూళ్లు తెచ్చారు.

"జ్వరమొచ్చి పండుకున్ననాడు మీరు గిట్ల ఉంటే మంచిగుండు ఆపా" అంది వర్షిత కుట్టు మీది నుంచి తల ఎత్తకుండా.

"జ్వరమొచ్చిందా? ఎప్పుడు? చెప్పొద్దా మరి?"

"ఎట్ల చెప్పాలె? డబ్బ చేతిల పెట్టి పారిపోతుంటిరి."

షాజహాన్ బీ ఆమె తల మీద చెయ్యి వేసి ఉంచింది. నాలుగింటికి పద్మమ్మ వచ్చేసరికి జాకెట్ సిద్ధంగా ఉంది, నలుగురి గొంతులూ సందు మొదటిదాకా వినబడుతున్నాయి.

శుక్రవారం ఉదయం షాజహాన్ బీ తనే వచ్చింది. వర్షిత చేతిలో డబ్బా పెట్టి, అడగకుండానే నీలం కుర్చీలో కూర్చుని, మోకాళ్ల నొప్పుల సంగతి ఎత్తుకుంది. వర్షిత మూత తీసి చూసింది. లోపల ఏమీ లేదు. కడిగి తుడిచిన ఖాళీ డబ్బా. మూడు నెలల్లో ఈ ఊరు ఆమెకు ఇచ్చినవాటిలో అంత బాగున్నది ఇంకోటి లేదు. నిజంగా కళ్లు చెమర్చాయి. దాన్ని టేబుల్ మీద పెట్టి, చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

ఒంటిగంటకు ఆఫీసులో, టేబుల్ మీది నుంచి తెచ్చుకున్న లంచ్ డబ్బా మూత తీసిన సందీప్‌కు మాత్రం ఆ స్నేహం గొప్పతనం అంతగా అర్థం కాలేదు.